బొమ్మలో కనబడని విషము

అమెరికా వారపత్రిక ‘లైఫ్’ 1957 మే 13 సంచికలో గోర్డన్ వాసన్ వ్రాసిన పుట్టగొడుగుల వ్యాసము విజ్ఞానవ్యాసములు వ్రాయువారు తప్పక పరిశీలింపదగినది. వాసన్ బ్యాంకు అధికారి. 1955 జూన్‌లో మెక్సికోలోని వహాకా కొండలలో, మంత్రవైద్యము చేయు మరియా సబీనా అను మజటెక్ స్త్రీ సమక్షమున, ఆయన మత్తు పుట్టగొడుగులు తిని రాత్రి జాగరము చేసెను. రంగుల అల్లికలు, సౌధములు, రథము నీడ్చు పురాణమృగము - ఈ వర్ణన ఇంపుగనే యున్నది. సబీనాకు మారుపేరు పెట్టుటయు మంచిదే. అది దాగలేదు, 1960 దశాబ్దిలో యువకులు ఆ గ్రామమును వెదకికొని పోయిరి.

లోపము వేరొకచోట నున్నది. వ్యాసముతోపాటు శిలీంధ్రశాస్త్రజ్ఞుడు రోజర్ హైమ్ వేసిన వర్ణచిత్రములు కలవు. వానిని చూచినవాడు పుట్టగొడుగును తాను గుర్తింపగలనని భ్రమించును. అడవిలో గోధుమరంగు చిన్న పుట్టగొడుగులు ఎన్నియో జాతులు. సైలోసైబీ మొలచిన కుళ్లుకట్టె మీదనే గాలెరినా మార్జినాటా కూడ మొలచుట కలదు. మొదటిదాని సిద్ధబీజములు ఊదాఛాయ గలవి, రెండవదానివి తుప్పురంగువి. గొడుగును కాడను చూచినంతమాత్రమున ఈ భేదము తెలియదు.

గాలెరినాలోని అమటాక్సిన్లు ఆర్.ఎన్.ఏ. పాలిమరేజ్ 2 అను ఎంజైమును పట్టి ఆపును. క్రొత్త ప్రోటీన్లు తయారుగాక కాలేయకణములు చచ్చును. తిన్నపిదప 6 గంటలు మొదలు ఒక దినమువరకు ఏ బాధయు నుండదు. తరువాత వాంతులు, విరేచనములు. ఆపై తగ్గినట్లు తోచును. రోగి ఇంటికి పోవ తొందరపడునది అప్పుడే, కాలేయము చెడుచుండునదియు అప్పుడే. వండినను ఈ విషము పోదు. కార్టినేరియస్‌లో కొన్ని జాతుల విషము మూత్రపిండములను చెరచినట్లు తెలియుటకు రెండు వారములైనను పట్టవచ్చును.

వాసన్ ఇట్టి సంగతు లెరుగనివాడు కాడు. భార్య వలెంటీనా పిల్లల వైద్యురాలు. ఇరువురును కలసి ఆ యేటనే పుట్టగొడుగులపై రెండు సంపుటముల గ్రంథము ప్రకటించిరి. అయినను వ్యాసములో దర్శనములకు దొరకిన చోటు, పోలికవలని ప్రమాదమునకు దొరకలేదు.

మత్తు కలిగించు సైలోసైబిన్‌ను హాఫ్‌మన్ 1958లో వేరుపరచెను. ఆ పదార్థము తనంతట ప్రాణము తీయుట అరుదు. పుచ్చుకొను రీతి మాత్రము వేరు సంగతి. మనోవ్యాధి గల 30 ఏండ్ల అమెరికా యువకుడొకడు, ఈ పుట్టగొడుగుల గుణములను గూర్చిన వ్రాతలు చదివి, వానిని కాచిన నీటిని సిరలోనికి ఎక్కించుకొనెను. ఈ వృత్తాంతము 2021లో వైద్యపత్రికలో వెలువడినది. అతని కాలేయము, మూత్రపిండములు దెబ్బతినెను. శ్వాసకు యంత్రము పెట్టవలసివచ్చెను. రక్తమును ప్రయోగశాలలో వర్ధనము చేయగా ఒక బాక్టీరియాతోపాటు, అతడు కాచిన సైలోసైబీ క్యూబెన్సిసే పెరిగినది. 22 దినములు ఆసుపత్రిలో నుండి బయటపడినను, శిలీంధ్రనాశక ఔషధమును చాలకాలము వాడవలసియే యుండెను.