వరాలకూ ఓ తూకం

ఇవ్వడం సులువే అనుకుంటాం గానీ, ఎవరికి ఏది ఎంత ఇవ్వాలో తేల్చుకోవడంలోనే వుంది తంటా అంతా. నలుగురు పిల్లలకి నాలుగు రకాల పిండివంటలు పంచిన ఏ తల్లినడిగినా ఈ మాట చెబుతుంది. అంతటి భోళాశంకరుడు భస్మాసురుడికి అడిగిందే తడవుగా వరమిచ్చి, ఆ తర్వాత తన తల కాపాడుకోవడానికి తానే పరుగులు తీశాడు. అక్కడ తప్పు వరానిది కాదు. అది ఎవరి చేతిలో పడుతోందో చూసుకోకపోవడంలో వుంది.

సరిగ్గా ఈ చిక్కే ఆట కూర్చున్నప్పుడల్లా ఎదుర్కొనేవాళ్ళు కొందరున్నారు. వాళ్ళు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆట నడిపేవాళ్ళు. 2016లో మొదలైన ‘స్ట్రేంజర్ థింగ్స్’ టీవీ సీరియల్ చూసినవాళ్ళకి, అందులో పిల్లలు బల్ల చుట్టూ చేరి పాచికలు విసురుతూ కేకలు పెట్టే దృశ్యం గుర్తుండే వుంటుంది. ఆ ఆటే ఇది. గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు 1974లో దీన్ని లోకానికి అందించారు.

ఆట తీరు కాస్త చెప్పుకుందాం. నలుగురో అయిదుగురో కూర్చుంటారు. ఒకరు సూత్రధారి. కథ చెప్పేదీ, రాక్షసుల్ని ఎదురు నిలిపేదీ, నిధులు దాచిపెట్టేదీ ఆ మనిషే. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర. ఒకరు యోధుడు, ఒకరు మాంత్రికురాలు, ఒకరు తాళాలు తీయడంలో చెయ్యి తిరిగిన దొంగ, ఇంకొకరు గాయాలు మాన్పే పూజారి. ఒకరిమీద ఒకరు గెలిచే ఆట కాదిది. అందరూ కలిసి గండం గట్టెక్కాలి. గట్టెక్కినందుకు బహుమానంగా మాయవస్తువులు దొరుకుతాయి. మంటలు కక్కే కత్తి, ఎగిరే చీపురు, ఎంత కుక్కినా నిండని సంచీ, ఇలాంటివన్నమాట. అవి ఎవరికి, ఎప్పుడు, ఎన్ని దొరకాలన్నదే సూత్రధారి తలనొప్పి.

ఈ తలనొప్పికి ఒక్కో కాలంలో ఒక్కో మందు రాశారు. తొలినాళ్ళలో భారమంతా పాచికల మీద వేశారు. పట్టిక చూడు, పాచిక వెయ్యి, ఏది వస్తే అది ఇవ్వు. 1975 నాటి అనుబంధ పుస్తకంలో ఒక పేకముక్కల కట్ట కనిపిస్తుంది. అందులో ఒక ముక్క తీస్తే అదృష్టం కలిసొస్తుంది. మరో ముక్క తీస్తే ఆపద మీదపడుతుంది. తమాషాగానే వుంటుంది, కాదనను. కానీ తర్వాత వారం ఆట ఎవరితో నడపాలి? మరోవైపు, అడిగినవాళ్ళకి అడిగినంత పంచిపెట్టే ఆటలూ బయల్దేరాయి. వాటికి ‘మాంటీ హాల్ ఆటలు’ అని ఎగతాళి పేరు స్థిరపడింది. మాంటీ హాల్ అంటే, అమెరికా టీవీలో తలుపు తెరిపించి బహుమతులు చూపించే కార్యక్రమం నడిపిన పెద్దమనిషి.

2000లో వచ్చిన మూడో కూర్పు లెక్కల మాస్టారి చేతికి బెత్తం ఇచ్చింది. ప్రతి వస్తువుకీ ధర కట్టారు. కత్తి పదును ఒక్క అంకె పెరగాలంటే రెండువేల బంగారు నాణేలు, రెండంకెలు పెరగాలంటే ఎనిమిదివేలు. ఏ స్థాయి వీరుడి దగ్గర ఎంత ఆస్తి వుండాలో పట్టిక వేశారు. అన్యాయం తగ్గిన మాట నిజమే. అయితే మాయకత్తి కాస్తా పచారీ కొట్టు సరుకైపోయింది. 2008 నాటి నాలుగో కూర్పు ఇంకో అడుగు వేసి, ఆటగాళ్ళనే కోరికల జాబితా రాసి ఇమ్మంది. పండక్కి ఏం కావాలో పుట్టింటికి ముందే ఉత్తరం రాసి, ఆనక పెట్టె తెరిచి ఆశ్చర్యం నటించినట్టుంటుంది ఈ పద్ధతి! వచ్చిన వస్తువు పనికొస్తుంది సరే, విప్పి చూసే సరదా ఏదీ?

ఇక చాలామంది చేతుల్లో నలిగింది 2014లో వచ్చిన అయిదో కూర్పు. సూత్రధారి కోసం రాసిన ఆ పుస్తకాన్ని మెచ్చుకోవలసిన చోట మెచ్చుకోవాలి. మాయవస్తువులు లేకపోయినా ఆట సాగాలని పెట్టుకున్నారు. బలమైన వస్తువుల్లో చాలావాటిని మచ్చిక చేసుకుంటేనే అవి పని చేస్తాయి. ఒక మనిషి మూడింటిని మించి మచ్చిక చేసుకోకూడదు. ఈ ఒక్క నియమం ఎన్ని తగువులు తీర్చిందో! మెళ్ళో పది దండలు, వేళ్ళకి పది ఉంగరాలు తొడుక్కుని ఊరేగే వీరుడు దీంతో కట్టడిలోకి వచ్చాడు.

కానీ చెప్పిన మాటమీద పుస్తకం తానే నిలబడలేదు. మాయవస్తువులు లేకపోయినా పరవాలేదంటూనే, మామూలు ఆయుధాలకి లొంగని రాక్షసుల్ని బోలెడుమందిని పెట్టింది. తోడేలు మనిషి మీద వెండిదో మాయదో కాని కత్తి పనిచేయదు. మాంత్రికురాలు మంత్రం చదివి దర్జాగా నిలబడితే, యోధుడు వట్టి కత్తి పట్టుకుని బిక్కమొహం వెయ్యాలి. అంటే సూత్రధారి యోధుడికి మాయకత్తి ఇచ్చి తీరాలన్నమాట. అది బహుమతి కాదు, బాకీ. 2025లో వచ్చిన కొత్త రాక్షసుల పుస్తకం ఈ ఇబ్బందిని చాలావరకు తీసేసింది. మంచి పని చేసింది.

అసలు పేచీ అరుదుతనం గుర్తులతో. సాధారణం, కాస్త అరుదు, అరుదు, మరీ అరుదు, పురాణప్రసిద్ధం అని వస్తువుల్ని అయిదు బుట్టల్లో వేశారు. కొత్తగా ఆట నడిపేవాళ్ళు ఈ గుర్తునే తూకంరాయి అనుకుంటారు. అక్కడే బోల్తా పడతారు. ఒక అంకె పెరిగిన కత్తి ‘కాస్త అరుదు’ బుట్టలో వుంది. ఎగిరే చీపురూ అదే బుట్టలో వుంది! ఇరవై ముఖాల పాచిక మీద ఒక అంకె అంటే, నూటికి అయిదు పాళ్ళ మేలు. చీపురు మాట అలాక్కాదు. గోతులు, కందకాలు, కోటగోడలు, వంతెన లేని లోయలు అన్నీ ఒక్క దెబ్బతో తీసి పక్కన పెడుతుంది. పైగా దాన్ని మచ్చిక చేసుకునే పని కూడా లేదు. సూత్రధారి రాత్రి కూర్చుని గీసుకున్న కోట పటం తెల్లారేసరికి చిత్తుకాగితం. ఈ రెండింటికీ ఒకే గుర్తు వేస్తే దాన్ని తూకం అనగలమా?

ఇంకా లోతుగా చూస్తే, వస్తువు బలం కంటే అది ఎవరి పని లాక్కుంటోందన్నదే ముఖ్యం. రాక్షసబలం ఇచ్చే చేతితొడుగులున్నాయి. వేసుకున్నవాళ్ళ బలం పంతొమ్మిది అవుతుంది. ఎన్నో ఆటలపాటు శ్రమపడి బలం ఇరవైకి పెంచుకున్న యోధుడికి అవి ఎందుకూ కొరగావు. ఎనిమిది బలంతో వున్న మాంత్రికురాలికిస్తే ఒక్క పూటలో అతని పక్కకి వచ్చి నిలబడుతుంది. పుస్తకంలో చూస్తే ఆ తొడుగులు ‘కాస్త అరుదు’, అంతే. బల్ల దగ్గర చూస్తే ఒక మనిషి మొహం చిన్నబోయింది. ఏ పట్టికలోనూ ఎక్కని నష్టం ఇదే. ఆ మనిషి ఏమీ అనడు. నాలుగు వారాలు వస్తాడు, అయిదో వారం ఏదో పని వుందంటాడు. ఇంట్లో అన్నీ చేయగల కోడలు ఒకామె వుంటే మిగతావాళ్ళు మెల్లగా వంటింటి గడప దిగినట్టు.

మరి ఇవ్వదగినవి లేవా అంటే, అదే పుస్తకంలో బంగారంలాంటివున్నాయి. అడుగులేని సంచీ చూడండి. అయిదువందల పౌనులు, అంటే దాదాపు రెండువందల పాతిక కిలోలు పడతాయి; ఎంత వేసినా సంచీ బరువు పదిహేను పౌన్లే. ప్రయాణానికి మూటలు కట్టే ఏ ఇల్లాలు కాదంటుంది చెప్పండి! అయితే మోతకి మించి కుక్కినా, సూదిమొనవాటితో చింపినా సంచీ పగిలి సరుకంతా వేరే లోకంలో చెల్లాచెదురవుతుంది. వరంతోపాటే జాగ్రత్తా ఇచ్చారన్నమాట. ఇంకొకటి కదలని కడ్డీ. మీట నొక్కితే గాల్లో నిలిచిపోతుంది. ఎనిమిదివేల పౌనుల బరువు మోస్తుంది. దానితో ఎవరినీ చంపలేం. కానీ తలుపుకి అడ్డగడియ వేయవచ్చు, తాడు కట్టి దిగవచ్చు, కూలుతున్న కప్పుకి ఊతం పెట్టవచ్చు. ఎవరి పనీ లాక్కోదు, అందరికీ ఆలోచన పుట్టిస్తుంది. తాళాలు తెరిచే గంట దొంగగారి పనికి పోటీయే గానీ, పదిసార్లు మోగి పగిలిపోతుంది. పదిసార్లు మురిసిపోయాక మళ్ళీ దొంగగారి చేతివాటమే దిక్కు. అందులోనూ ఒక అందం వుంది.

ఇవన్నీ చూశాక సూత్రధారి తనను తాను అడగవలసిన ప్రశ్నలు మూడే అనిపిస్తుంది. ఈ వస్తువు ఏ కష్టాన్ని కథలోంచి శాశ్వతంగా తీసేస్తుంది? ఎవరి పాత్ర చేసే పనిని లాక్కుంటుంది? ఈ మధ్య ఎవరికి ఏమీ దక్కలేదు? జవాబులు తేలకపోతే ఒక్కసారికి వాడేసే పానకమో, మంత్రపత్రమో ఇస్తే సరిపోతుంది. పొరపాటైనా ఒక పూటతో పోతుంది. ఎక్కువే ఇచ్చేశామనిపిస్తే కథలో దొంగల్ని పంపి కొట్టేయించడం మాత్రం చెయ్యకూడదు. ఇచ్చిన చీర తిరిగి అడిగినట్టుంటుంది. బల్ల దగ్గరే నోరు విప్పి, “ఇది మన ఆటని చెడగొడుతోంది, ఏం చేద్దాం?” అని అడిగితే చాలు. కలిసి ఆడుకోవడానికి వచ్చినవాళ్ళు కలిసి దారి చూపిస్తారు.

“ఉత్తుత్తి కత్తికి ఇంత లెక్కా?” అని నవ్వేవాళ్ళుంటారు. కత్తి ఉత్తుత్తిదే. దాని చుట్టూ కూర్చున్నవాళ్ళు ఉత్తుత్తివాళ్ళు కారు కదా! ధరలు కట్టిన పుస్తకమైనా, బుట్టల్లో వేసిన పుస్తకమైనా వస్తువుని తూచగలదు గానీ ఆ మనుషుల్ని తూచలేదు. ఆ పని సూత్రధారి కళ్ళే చేయాలి. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫరవాలేదంటారు మనవాళ్ళు. ఈ బల్ల దగ్గర వడ్డించే మనిషి మాత్రం ఏ ఒక్కరి మనిషీ కాకూడదు. కూర్చున్న ప్రతివాళ్ళూ ‘మనవాడే’ అనుకోగలగాలి.