బాతును పట్టుకున్న రాజు

న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియంలో రెండడుగుల వెడల్పైనా లేని సున్నపురాయి ముక్క ఒకటుంది. క్రీ.పూ. 14వ శతాబ్దపు ఈజిప్టు రాజు అఖెనాటెన్ బాతు మెడ నులిమి సూర్యుడికి అర్పిస్తుంటాడు. పైనుంచి దిగే కిరణాల చివర చిన్న చిన్న చేతులు. ఆ పొడవాటి వేళ్ళ బిగువు దగ్గరే నా చూపు ఆగిపోతుంది.

నా అభ్యంతరమల్లా దాన్ని పటంలా చూడటం మీదే. అది గోడలో ఒక రాయి. సూర్యుడి గుడి ఆవరణకి పైకప్పు ఉండేది కాదు. బొమ్మని రాతిలోపలికి చెక్కారు కనుక ఏటవాలు ఎండలో అంచు నీడే గీతగా మారుతుంది. గదిలో దీపం కదలదు, ఎండ కదులుతుంది.

రాజు పోయాక గుళ్ళు విప్పేశారు. రెండో రామ్‌సెస్ కాలంలో ఈ రాళ్ళు నది అవతల హెర్మోపోలిస్‌లో పునాదుల పాలయ్యాయి. కర్నాక్‌లో దొరికిన ఇలాంటి వేల రాళ్ళ ఫొటోలని జతపరచడానికి 1960లలోనే కంప్యూటరుని వాడారు. లక్సర్ మ్యూజియంలో 283 రాళ్ళతో ఒక గోడే మళ్ళీ లేచింది. అందులో రాజుతో పాటు పనివాళ్ళూ ఉన్నారు.

ముక్కని ఎంచుకుంటే మనకి రాజు మిగులుతాడు. గోడ కడితేనే మిగతావాళ్ళు తిరిగొస్తారు. పిల్లలతో వెళ్ళినప్పుడు ఆ రాతి అంచు దగ్గర కాసేపు ఆగండి. పక్క రాతిలో ఎవరుండేవారో వాళ్ళనే ఊహించనివ్వండి.