డిశ్చార్జి కాగితంలో ఆఖరి లైను

ఈ వారం ఒక పాఠకురాలు తన కూతురి డిశ్చార్జి కాగితాన్ని ఫొటో తీసి వాట్సాప్‌లో పంపారు. మొదటి కాన్పు. మామూలు కాన్పే, కుట్లు పడ్డాయి. ఐరన్ మాత్రలు ఎప్పుడు వేసుకోవాలి, కుట్లు ఎలా కడుక్కోవాలి, బిడ్డకు టీకాలు ఏ తేదీల్లో వేయించాలి, అన్నీ వివరంగా రాశారు. అట్టడుగున ఒక లైను: ‘కెగెల్ ఎక్సర్‌సైజులు చేయవలెను’. అవేమిటో, ఎలా చేయాలో ఒక్క ముక్క లేదు. “అమ్మాయి రోజూ చేస్తోందండీ. చేస్తుంటే కింద ఇంకా బరువుగా ఉంటోందంటోంది. మానేయమనమంటారా?” అని ఆ తల్లి అడిగారు.

అమ్మాయికి ఫోన్ చేసి, ఏం చేస్తున్నావో చెప్పమ్మా అన్నాను. ఊపిరి బిగబట్టి, పొట్ట గట్టి చేసి, బలమంతా కిందకి పెడుతోందట. అంటే ముక్కుతోంది. చేయాల్సినదానికి సరిగ్గా ఎదురు. ఆ పిల్లను ఏమనగలం? మొన్న మొన్నేగా లేబర్ రూములో నలుగురూ చుట్టూ చేరి ‘ముక్కమ్మా, ఇంకా ముక్కు’ అని అరిచింది! అక్కడ బలం పెట్టమంటే ఆమె ఒంటికి తెలిసిన దారి అదొక్కటే. నా కోపమంతా ఆ లైను మీదే.

లాస్ ఏంజెలెస్‌లో ఆడవాళ్ల డాక్టరుగా పనిచేసిన ఆర్నాల్డ్ కెగెల్ 1948లో ఈ వ్యాయామాల గురించి రాసినప్పుడు ఊరికే బిగించండి అని వదిలేయలేదు. తన దగ్గరికొచ్చిన ఆడమనిషిని పరీక్ష చేసి, బిగించాల్సిన కండరం ఎక్కడుందో ఆమెకు తెలిసేలా చేసేవాడు. పెరీనియోమీటర్ అనే పరికరం మీద ఒత్తిడి ఎంత వస్తోందో ఆమే చూసుకుంటూ సాధన చేసేది. ఆ పద్ధతి ఎటో పోయింది, పేరొక్కటీ కాగితం మీదికొచ్చింది. 1991లో అమెరికాలో రిచర్డ్ బంప్ బృందం 47 మంది ఆడవాళ్లకు నోటిమాటగా క్లుప్తంగా చెప్పి, వాళ్లు ఎలా చేస్తున్నారో కొలిచి చూసింది. సుమారు సగం మందికే సరిగ్గా కుదిరింది. నలుగురిలో ఒకరు మూత్రం లీకయ్యే ఇబ్బందిని పెంచుకునే తీరులో చేశారు.

ఆ కండరాల సంగతి ఒకసారి చెప్పాలి. ముందు ఎముక నుంచి వెనక తోకెముక దాకా నవారు మంచంలా అల్లుకుని ఉంటాయవి. మూత్రసంచి, గర్భసంచి, మలం నిలిచే పేగు చివర, అన్నింటినీ కింద నుంచి మోస్తాయి. కాన్పులో విపరీతంగా సాగుతాయి. కొందరిలో ఒక పక్క ఎముక నుంచి ఊడివస్తాయి కూడా. దానిమీద మళ్లీ మళ్లీ కాన్పులు, మానని దగ్గు, మలబద్ధకం, బరువుల మోత, ముట్లుడిగే వయసు. సాయంత్రమయ్యేసరికి కింద బరువు, ఏదో దిగుతున్నట్టు, మూత్రం పూర్తిగా రానట్టు. లోపలి అవయవాలు ఇలా కిందకి దిగడాన్నే జారడం అంటాం. ‘నాకు జారింది’ అని ఆ మాట పైకి అనేవాళ్లు ఎంతమంది? గుడ్డ మడతపెట్టి అడ్డం పెట్టుకుని వరి నాట్లకు వెళ్లిన ఆడవాళ్లను నేనెరుగుదును.

పాత పాఠకులకు నా రెండు పట్టుదలలు తెలుసు. బాలింతకు నీళ్లు తక్కువిస్తే పొట్ట తగ్గుతుందన్న నమ్మకాన్ని వదిలేయమని ఎన్నోసార్లు రాశాను. నీళ్లు లేక, కూర లేక, కారప్పొడి పథ్యంతో మలం గట్టిపడితే ఆ పచ్చి కుట్ల మీద, అలసిన కండరాల మీద రోజూ ముక్కాలి. రెండోది గర్భసంచి ఆపరేషన్లు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తమ్మీద 3.2 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. అన్నీ జారినందుకు చేసినవి కావు, నిజమే. కానీ జారినందుకు తీసేసినా, మంచం మీద మనిషిని లేపినంత మాత్రాన నవారు బిగవదు. తీసేశాక మిగిలిన భాగం కిందకి దిగివచ్చి ఫిజియోథెరపిస్టులమైన మా దగ్గరికొచ్చేవాళ్లూ ఉన్నారు.

కండరానికి పని నేర్పాలి, ఆ నేర్పడం చేయి తిరిగిన ఫిజియోథెరపిస్టు పరీక్ష చేసి, ఒక్కొక్కరికీ విడిగా చేయాలి అన్నది ఈ కాలమ్‌లో నేను ఎప్పుడూ చెప్పే మాట. ఈ వారం కూడా అదే రాద్దామని కూర్చున్నాను. రాస్తుంటే ఆయమ్మ గుర్తొచ్చింది.

ఇంటర్న్‌షిప్‌లో కొన్నాళ్లు నన్ను ఒక ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రికి వేశారు. వార్డు గోడ మీద చార్టు ఉండేది. ‘కటి తల కండరములను సంకోచింపజేయుము’ అని. ఆ మాటలే నేనూ మంచం మంచానికీ తిరిగి చెప్పేదాన్ని. బాలింతలు తలూపి అటు తిరిగి పడుకునేవాళ్లు. మంచాల కింద తుడుస్తున్న ఆయమ్మ గుడ్డ పక్కన పడేసి, చేతులు కడుక్కుని వచ్చి మంచం పట్టె మీద కూర్చుంది.

“ఏమ్మా, పెళ్లిలో నలుగురి మధ్యన కూర్చున్నావ్. గాలొచ్చేట్టుంది. ఏం జేస్తావ్? ఆపుకుంటావుగా? ఆ, అదే. దాన్నే ఇంకాస్త పైకి లాక్కో. ఊపిరి బిగబట్టమాక. నాతో మాట్లాడతా ఉండు. మీదే ఊరు?”

ఆ పిల్ల ఊరి పేరు చెప్పింది. మీ అమ్మ పేరేంటి, మీ ఆయన పనేంటి, మేనత్తలెంతమంది అని అడుగుతూనే ఉంది. మాట్లాడాలంటే ఊపిరి వదలాలి. అలా వదులుతూ కండరాన్ని పట్టి ఉంచడం ఆ పిల్లకు తెలియకుండానే పట్టుబడింది. ఆయమ్మ అరచెయ్యి పొట్ట మీదే ఉంది. “పొట్ట గట్టిపడతంది, అది కాదు. పిర్రలు బిగించమాక, నాకు తెలుస్తది. ఇప్పుడు ఒదిలెయ్. పూర్తిగా ఒదులు. ఒదలడం గూడా పనే.” ఆ తర్వాత దగ్గమంది. “ముందు లాక్కో, తర్వాత దగ్గు. తుమ్మొచ్చినా అంతే, బిడ్డనెత్తుకోబోయినా అంతే.”

దగ్గుకు ముందు అలా లాక్కుంటే మూత్రం లీకవడం తగ్గుతుందని 1998లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో జానిస్ మిల్లర్ బృందం కొలిచి చూపించింది. ఆయమ్మకు నేర్పింది ఒక పాత నర్సమ్మ. కాలవ పనుల్లో మట్టి తట్టలు మోసిన ఒళ్లు, నాలుగో కాన్పయ్యాక జారిందట. నర్సమ్మ చెప్పినట్టు నెలల తరబడి చేస్తే బరువు తగ్గిందని, పొద్దంతా నిలబడగలుగుతున్నానని చెప్పింది. డిశ్చార్జి రోజున అత్తగార్లనూ వదిలేది కాదు. “పిల్లచేత బిందె ఎత్తించమాకండి. నీళ్లు బాగా తాగనియ్యండి. మలానికి కూర్చుని ముక్కే పని పెట్టమాకండి.”

ఫిజియోయే నేర్పాలన్న నా మాటకు ఆధారం లేకపోలేదు. 2014లో లాన్సెట్‌లో వచ్చిన పాపీ అధ్యయనంలో సుజాన్ హేగన్ బృందం జారుడు సమస్య ఉన్న 447 మందిని తీసుకుంది. అందులో ఒక జట్టుకు 16 వారాల్లో అయిదుసార్లు ఫిజియోలు విడివిడిగా నేర్పారు. ఏడాది తిరిగేసరికి వాళ్లకు ఇబ్బందులు రెండో జట్టుకంటే బాగా తగ్గాయి. దిగిన అవయవం ఎంత దిగిందన్న కొలతలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు, దిగుతున్నట్టుండే బాధ తగ్గింది. ఆడమనిషి నా గదికి వచ్చేది ఆ బాధతోనే కాబట్టి నాకది చాలు. ఫ్రాన్సులో అయితే కాన్పయిన తల్లికి ఈ శిక్షణ ఖర్చు ప్రభుత్వ బీమాయే ఇస్తుంది, మామూలుగా పది సిట్టింగుల దాకా.

కానీ పాపీ తర్వాత బ్రిటన్‌లో ప్రొపెల్ అనే మరో అధ్యయనం జరిగింది. ఈ శిక్షణను స్పెషలిస్టు ఫిజియోలు మాత్రమే కాక, ఇది నేర్చుకున్న నర్సులు, ఇతర సిబ్బంది కూడా ఇచ్చారు. వాళ్ల చేతిలోనూ ఆడవాళ్లు మెరుగుపడ్డారు. ఆయమ్మను చూసిన నాకు ఇందులో ఆశ్చర్యం లేదు. నా వృత్తి చుట్టూ నేను కట్టిన గోడ మాత్రం ఇక నిలబడదు. ఆడవాళ్ల ఈ సమస్యలు చూసే ఫిజియోలు మన జిల్లాల్లో ఎంత అరుదో నాకు తెలుసు. మా కోసం ఆగమంటే ఊళ్లలో ఉన్నవాళ్లు గుడ్డ మడత పెట్టుకునే ఆగాలి.

చూస్తే దారి ఉన్నదే. ఆసుపత్రిలో కాన్పయిన తల్లి ఇంటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో వెళ్లాలి. ఆ తర్వాత 6, 10, 14 వారాలకు టీకాల కోసం తల్లే బిడ్డను ఎత్తుకుని వస్తుంది. పాపీలో ఫిజియోలు కలిసిన 16 వారాలకు ఇది ఇంచుమించు సరిపోతుంది. అందరూ బిడ్డ బరువు చూస్తారు. అప్పుడే తల్లిని కూడా అడగాలి: కింద బరువుగా ఉందా, దగ్గితే మూత్రం పడుతోందా, మలానికి ముక్కాల్సివస్తోందా? ఆయమ్మ చెప్పినట్టు మాట్లాడిస్తూ చేయించాలి. మొదట్లో రెండు మూడు సెకన్లు పట్టి ఉంచినా చాలు, మెల్లగా పది దాకా తీసుకెళ్లవచ్చు. పట్టినంతసేపూ వదలాలి. రోజుకు మూడుసార్లు, మూడు నాలుగు నెలలు. మూత్రం పోసేటప్పుడు మధ్యలో ఆపడం సాధన కాదు, అది మానాలి. ఆశాలకు ఇది నేర్పడం మా పని, ఇష్టంగా చేయాల్సిన పని.

కొందరికి ఎంత చెప్పినా ఆ కండరం దొరకదు. అలాంటివాళ్లు, మూడు నాలుగు నెలలు సరిగ్గా చేసినా బరువు తగ్గనివాళ్లు మా దగ్గరికి రావాలి, గ్లవ్స్ వేసుకుని పరీక్ష చేసి నేర్పాల్సింది వాళ్లకే. బయటికి కనబడేంత జారితే, పుండు పడితే, రక్తం కనబడితే, మూత్రం ఆగిపోతే ముందు డాక్టరు చూడాలి. అక్కడ దిగినదాన్ని ఆపేందుకు లోపల పెట్టే రింగ్ పెసరీ ఉంది, అవసరమైతే ఆపరేషనూ ఉంది.

అలా పంపినవాళ్లను చూడటానికి మాకు తలుపున్న గది కావాలి. చాలాచోట్ల ఫిజియోథెరపీ అంటే ఒక పెద్ద హాలు, వరసగా నాలుగు బల్లలు, మధ్యలో పరదా కూడా ఉండదు. పక్క బల్ల మీద మోకాలికి కరెంటు పెట్టించుకుంటున్న పెద్దాయన వింటుండగా ఏ ఆడమనిషీ ‘నాకు జారుతోందమ్మా’ అని నోరు విప్పదు.