ముప్పై అయిదు ఎందుకు కాదు?

52లోంచి 27 తీసెయ్యమంటే 35 అని రాసే పిల్లలు ఏ బడిలోనైనా ఉంటారు. రెండులోంచి ఏడు పోదు కనక ఏడులోంచే రెండు తీసేస్తారు. టీచరు ఇంటూ కొట్టి, పక్కనుంచి అప్పు తెచ్చుకోమంటుంది. అప్పు ఎందుకో తెలియకుండానే పిల్ల మళ్లీ రాస్తుంది.

అదే లెక్క బోర్డు మీద వేసి, ‘35 ఒప్పుకుంటారా?’ అని క్లాసునంతా అడిగితే? ఒకడు 27 నుంచి వేళ్ల మీద పైకి పోతాడు: మూడు కలిపితే 30, ఇంకో 22 కావాలి, మొత్తం 25. మరొకతె 35కి 27 కలిపి, ‘62 వస్తోంది టీచర్!’ అని లేస్తుంది. తప్పు చేసిన పిల్లే చివరికి తన తప్పు పట్టుకుంటుంది. ఎర్ర సిరా ఆ పని చెయ్యలేదు.

చెన్నైకి ఈ ఆలోచన కొత్తది కాదు. జార్జ్‌టౌన్‌లోని ముత్యాలపేట హైస్కూల్లో లెక్కలు చెప్పిన పి.కె. శ్రీనివాసన్ గణిత ప్రదర్శనలు పెట్టించి, పిల్లల చేతే వివరింపజేసేవారు. రాయపురంలో రామానుజన్ మ్యూజియం ఆయన చలవే. 2005 జాతీయ పాఠ్య ప్రణాళిక చట్రం కోసం గణిత బోధనపై పత్రం రాసిన బృందానికి అధ్యక్షుడు అప్పట్లో తరమణిలోని గణిత శాస్త్రాల సంస్థలో ఉన్న ఆర్. రామానుజం. పిల్లల ఆలోచననే గణితమయం చెయ్యడం అందులోని పెద్ద లక్ష్యం.

2003లో చెన్నై కార్పొరేషన్ 13 బడుల్లో కార్డుల పద్ధతి, అంటే ఒక్కో పిల్ల తన వేగంతో మెట్టు మెట్టుగా కార్డులు పూర్తి చేసుకుంటూ పోయే పద్ధతి, మొదలుపెట్టింది. దాని మూలం మన మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ. బెంచీలు పోయాయి, పిల్లలు చాపల మీద గుంపులుగా కూర్చున్నారు, గోడల కింది భాగంలో వాళ్లకందే ఎత్తున నల్లబోర్డులు వచ్చాయి. ఎవరి అడుగు తప్పిందో అందరికీ కనబడే ఆ బోర్డులు చర్చకు భలే పనికొస్తాయి. కార్డులతోనే చిక్కు. ఎవరి మెట్టు మీద వాళ్లుంటే ఇద్దరి ముందూ ఒకే లెక్క ఉండటం అరుదు, ఇక వాదనెక్కడిది? అందరినీ ఒక లెక్క చుట్టూ చేర్చే పని టీచరుదే.

ఆ తర్వాత ఆగడం కూడా. ప్రశ్న వేశాక టీచర్లు ఒక్క సెకను మాత్రమే ఆగుతారనీ, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడుగవుతాయనీ అమెరికాలో పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970ల్లోనే చూపించారు.

మూడు సెకన్లు సరే, పీరియడ్ అంతా ఒక్క లెక్కకే పోతే నోట్‌బుక్కులో ఆ ఒక్కటే ఉంటుంది. సాయంత్రం అమ్మానాన్నలు ‘ఇవాళ ఇంతేనా?’ అంటారు. అందుకే కొందరు టీచర్లు ఆ లెక్క కిందే పిల్లలు చెప్పిన మూడు దారులూ రాయించి పంపుతారు, తెలుగిళ్ల పిల్లలైతే తెలుగులోనే.