వాతావరణశబ్దవిచారము

బాలురకు భూమిమీఁది నీటిని, గాలిని, వానను గూర్చి బోధించు తెలుఁగు పాఠములలోఁ బారిభాషికపదములకుఁ గొఱత లేదు. 1906లోఁ గొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మొదలగువారు విజ్ఞానచంద్రికామండలిని స్థాపించిననాఁటినుండి, 1968లో నేర్పడిన తెలుఁగు అకాడమి పదకోశములవఱకు, శాస్త్రపదనిర్మాణము సాగుచునే వచ్చినది. ఆ పదములు బాలునకు వస్తువును జూపుచున్నవా, కప్పుచున్నవా యనునదియే యిచట విచారణీయము.

మొదట వాతావరణశబ్దమును గ్రహింతము. ‘వాతరూపమైన యావరణము’ అని విగ్రహము. భూమినిఁ జుట్టియున్న గాలిపొర దీని యర్థము. ఇది ద్రవ్యవాచకము. ఆ ద్రవ్యమున నత్రజని నూటికి 78 పాళ్లు, ఆమ్లజని 21 పాళ్లు. సాంఘికశాస్త్రపాఠములందు శిలావరణ, జలావరణ, జీవావరణములతోఁ గూడి యీ యర్థముననే యిది వచ్చుచున్నది. విజ్ఞానశాస్త్రపాఠములందో, ఈ పదమే నేఁటి యెండకు, మబ్బునకు, ఉక్కకు, గాలివేగమునకుఁ బేరగుచున్నది. అచట నిది యవస్థావాచకము. ఇఁక వార్తాపత్రికలలో ‘వాతావరణ మార్పు’ అన్నచో బహువత్సరములలో జరుగు మార్పని మూఁడవ యర్థము. మంచెలు కేకలు వేయుచున్నవన్నచో మంచెలపైనున్న కాపులని లక్షణచేతఁ దెలిసికొందుము. లోకవ్యవహారమున నట్టి లక్షణ దోషము కాదు. శాస్త్రమున, అందును లక్షణవాక్యమున, ఒక్కపదము మూఁడర్థములఁ జరించుట దోషమే. అది పిల్లవాని దోషము కాదు. పరీక్షలో మార్కులు పోవునది మాత్రము వానికే.

యోగముకన్న రూఢి బలవత్తరము. జనులెల్లరు ‘నేఁడు వాతావరణము బాగుగా లేదు’ అనుచుండఁగా యోగార్థమును బట్టుకొని పోరాడుట వ్యర్థము. కావున నా శబ్దమును నేఁటి యెండవానలకే విడిచిపెట్టి, గాలిపొరకు వాయుమండలమను మాటను నియమించుట మేలు. ఇది క్రొత్తమాట గాదు.

దీనికంటెఁ జిక్కైనది శీతోష్ణస్థితి. ఒక దేశమున ననేకవత్సరములు గమనింపఁగాఁ దేలిన సామాన్యస్వభావమునకు పాఠములు పెట్టిన పేరిది. శీతమును, ఉష్ణమును గలవు, వాన యెక్కడ? నైరృతివాయువులు జూన్ మొదలు సెప్టెంబరువఱకుఁ దెచ్చు వర్షమే యేఁటి ఫలమును నిర్ణయించు తెలుఁగుదేశమున, వాన లేని పేరు దేశస్వభావమునకుఁ బెట్టుట స్పష్టమైన యవ్యాప్తి. మృగశిర, ఆర్ద్ర మొదలగు కార్తెలతో వానలను లెక్కపెట్టు కాపు ఈ యవ్యాప్తినిఁ జేసియుండఁడు.

అన్ని పదములు నిట్టివి కావు. బాష్పీభవనమను మాట కడుసొగసైనది. వ్యాకరణమునఁ జ్విప్రత్యయము, అంతకుముందు కానిది యగుట యను నర్థమున వచ్చును. ప్రత్యయము పూర్తిగా లోపించును. దాని గుఱుతుగా నకారము ఈకారమగును. నీరును నట్లే కంటికిఁ గానరాక పోవునే కాని నశింపదు, ఆవిరి యగును. ఈ యొక్క ఈకారమును వివరించిన పండితుఁడు పాఠములో సగము చెప్పినట్లే. కాని దీని ప్రక్కనే సాంద్రీకరణమని మఱియొకటి నిలిచియున్నది. ఆవిరి తనంతఁ దాను నీరగుచుండఁగా ‘భవనము’ పోయి ‘కరణము’ ఏల వచ్చెను? చేయువాఁడెవఁడు? పైఁగా సాంద్రతాశబ్దమును వేఱొక పాఠమున నింకొక యర్థమున నేర్చిన బాలుఁడు, మబ్బు నీటికంటె బరువనుకొన్న నాశ్చర్యము లేదు. ‘ఆవిరి నీరగుట’ యని ముందు చెప్పి, పిమ్మటఁ బారిభాషికపదమును జెప్పినఁ జాలును. దేశ్యపదములన్నియు మేలైనవనియుఁ జెప్పరాదు. మంచను నొక్కమాట గడ్డకు, పొగమంచునకు, తెల్లవాఱుజామున గడ్డిపై నిలుచు బిందువులకుఁ గూడఁ జెల్లుచున్నది. ట్రోపోఆవరణము వంటి సంకరములను గూర్చి వైయాకరణులు కోపగించుట సహజమే కాని, వానివలన బాలునకు మోసము లేదు.

మాటలవలె బొమ్మలును బరీక్షింపఁదగినవి. జలచక్రమును జూపు పటములందు నొకవైపు హిమపర్వతము, ఒకవైపు సముద్రము నుండుట పరిపాటి. ఖమ్మముజిల్లాలోని కుసుమంచి బాలుఁడు రెంటిని నెఱుఁగఁడు. వాఁడెఱిఁగినవి కాకతీయులనాఁటి శివాలయము, చెఱువు, పాలేరు. పాలేరు కృష్ణలోఁ గలియు నేఱు. అచటి జలాశయమునకు సాగరపు ఎడమకాలువచే వచ్చునదియుఁ గృష్ణనీరే. ఏఱు కృష్ణకుఁ బోవుచుండఁగాఁ గృష్ణ కాలువలో నూరికి వచ్చుచున్న దేశమున, చక్రమునకు మనుష్యుఁడు వేసిన యీ యడ్డుదారి పటములో లేకుండుట లోపమే.

వాయుగుండశబ్దదోషము ప్రాణములకు సంబంధించినది. అల్పపీడనము, వాయుగుండము, తీవ్రవాయుగుండము, తుఫాను అను మెట్లు గాలివేగమును బట్టి యేర్పడినవి. గంటకు 31 మొదలు 50 కిలోమీటర్లలోపు గాలి యున్నచో వాయుగుండము. 62 చేరిననే తుఫాను. వాన కొలఁత యీ పేర్లలో లేదు. 2024 ఆగస్టు 31 రాత్రి దాటి తెల్లవాఱకముందే కళింగపట్నము దగ్గఱఁ దీరము దాటినది వాయుగుండమే, తుఫాను కాదు. తీరమునకు దూరముగా నున్న ఖమ్మమున సెప్టెంబరు 1న మున్నేరు పొంగి యిండ్లను ముంచెను; కుసుమంచిమండలమునఁ బాలేరును బొంగెను. తుఫానే భయంకరమని పాఠమునఁ జదివినవాఁడు వాయుగుండమన్న మాటను విని నిశ్చింతగా నిద్రించుట తర్కసిద్ధము. వానకు వేఱుమెట్లు గలవు: దినమునకు 64.5 మిల్లీమీటర్లు మొదలు భారీ, 115.6 మొదలు అతిభారీ, 204.5 మొదలు అత్యంతభారీ. ఈ రెండు సోపానములను నొకే పుటలోఁ జేర్చి చూపిన పాఠము కావలెను.

అయినను మిల్లీమీటరన్నచో బాలునకేమి తోఁచును? ఒక చదరపుమీటరుపై నొక మిల్లీమీటరు వాన యొక లీటరు నీరు. 204.5 మిల్లీమీటర్లు ఎకరముమీఁదఁ గురిసినచో నెనిమిదిలక్షల లీటర్లకు మించును. ఈ లెక్కను బడి వాకిటఁ జేయింపవచ్చును. కోష్ఠాగారమున వానను గొలుచు కుండ నుంచవలెనని కౌటిల్యుఁడు విధించెను. వరాహమిహిరుఁడు బృహత్సంహితలో హస్తప్రమాణమైన పాత్రను, ఆఢకపు లెక్కను జెప్పెను. దీనిని బట్టి యాధునికశాస్త్రమంతయుఁ బ్రాచీనులకుఁ దెలియునని వాదించుట యతివ్యాప్తి. కొలువవలెనను బుద్ధి వారికిఁ గలదనుట మాత్రము నిజము. కుసుమంచి బడిలో డబ్బా యొకటి చాలును. ప్రక్కలు నిట్టనిలువుగా నున్నచో మూఁతి వెడల్పెంతయైనను నీటి లోఁతు మాఱదు. చెంబుతోఁ గొలిచినచోఁ దప్పును.