మ్యాడీ పక్కన మేమూ నిలబడ్డాం

సి.బి.ఎస్.ఇ. బడిలో చదివే మా ఊరి అమ్మాయి ఒకసారి సెలవులకు తెచ్చుకున్న పదో తరగతి ఇంగ్లీషు వాచకంలో ‘ది హండ్రెడ్ డ్రెసెస్’ చదివాం. అమెరికా రచయిత్రి ఎలినార్ ఎస్టెస్ రాసిన ఈ కథ 1944లో పుస్తకంగా వచ్చింది.

వాండా పెట్రోన్‌స్కీది పోలండ్ నుంచి వలస వచ్చిన కుటుంబం. తల్లి లేదు. రోజూ వెలిసిపోయిన అదే నీలం గౌను. తోటిపిల్లలకు ఆమె పేరే ఒక నవ్వులాట. తన ఇంట్లో వంద గౌన్లున్నాయని ఆమె ఒకరోజు అంటుంది. అప్పట్నుంచి పెగ్గీ రోజూ ఎదురై, ఎంతో మర్యాదగా, ఆ గౌన్ల లెక్క అడుగుతుంది. పెగ్గీ చెడ్డపిల్ల కాదు, మూగజీవాన్ని హింసిస్తే చూసి ఏడ్చే పిల్ల. ఈ మాట రాయడం మాకు నచ్చింది. మన బడుల్లో ఏడిపించే పిల్లలూ ఇంటికెళ్తే మేకపిల్లను ఒళ్ళో పెట్టుకునేవాళ్ళే.

కథకు ప్రాణం మాత్రం మ్యాడీ. తనూ పేదదే, పెగ్గీ వాడి ఇచ్చిన గౌను వేసుకుంటుంది. నోరు తెరిస్తే రేపు తన వంతు వస్తుందని భయం. అందుకే పక్కన నిలబడి ఊరుకుంటుంది.

మాకు నచ్చనిదీ ఉంది. వాండా వంద గౌన్లూ ఆమె గీసిన బొమ్మలని, అవే పోటీలో గెలిచాయని తెలిసేసరికి ఆమె కుటుంబం ఊరు వదిలేస్తుంది. అంత బాగా బొమ్మలు వేయడం రాకపోతే ఆ పిల్ల కోసం ఎవరైనా బాధపడేవారా? ఇంట్లో తండ్రితో, అన్నతో ఏ భాషలో మాట్లాడుకునేదో కథలో ఒక్క ముక్క వినపడదు. టీచరమ్మ కూడా ఆ పిల్ల మూలన కూర్చున్నన్నాళ్ళూ గమనించక, తండ్రి ఉత్తరం వచ్చాక పిల్లలకు బుద్ధి చెబుతుంది.

టీచరమ్మను అనేముందు మా సంగతి చెప్పాలి. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వా జుడుం మొదలయ్యాక సరిహద్దు దాటి వచ్చినవాళ్ళను ఇక్కడ గుత్తికోయలంటున్నాం. వాళ్ళు పెట్టుకున్న పేరు కాదది. అలాంటి ఇంటి పాప ఒకతె మా రెండో తరగతిలో చేరింది. ఒక మధ్యాహ్నం గ్లాసు చూపించి “ఏరు” అంది. నీళ్ళడిగింది. తరగతి గొల్లుమంది. “ఏరంతా తాగుతావా?” అన్నారు. అన్నవాళ్ళెవరు? కోయ పిల్లలే. వాళ్ళ అమ్మమ్మలు నీళ్ళను ఏరు అనే అంటారు. మేమూ కోయవాళ్ళమే. చిన్నప్పుడు మా తెలుగు విని హాస్టల్లో ఇలాగే నవ్వారు. అయినా ఆ పూట ‘అది మన మాటే’ అని చెప్పలేదు. “నీళ్ళు అనమ్మా” అని పాపనే దిద్దాం. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో కోయతో సహా ఎనిమిది భాషల్లో ప్రాథమిక చదువు మొదలైంది. ఆ సంగతి శిక్షణలో విని, రాసుకుని వచ్చినవాళ్ళమే మేము.

మిరప కోతలయ్యాక ఆ కుటుంబం వెళ్ళిపోయింది. మ్యాడీ వాళ్ళు వాండాకు ఉత్తరం రాశారు. మా దగ్గర చిరునామా లేదు. హాజరు పట్టీలో మాత్రం, పలకడానికి సులువని మేము పెట్టిన తెలుగు పేరు ఒకటుంది. ఇంట్లో అమ్మ ఏమని పిలిచేదో మేము అడగనే లేదు.