రాజమండ్రిలోనా, కాకినాడలోనా?

డిగ్రీ చేతికొచ్చాక హైదరాబాద్, బెంగళూరు రైలెక్కకుండా గోదావరి జిల్లాల్లోనే స్థిరపడాలనుకునే యువత ప్రధానంగా చూసే ఊళ్లు రెండు: రాజమండ్రి, కాకినాడ. 2011 జనాభా లెక్కల నాటికే రెండూ మూడు లక్షలు దాటాయి. మధ్య దూరం 65 కిలోమీటర్లకు అటూ ఇటూ. దూరం తక్కువే గానీ ఉద్యోగాల తీరు వేరు.

రాజమండ్రి ప్రధానంగా వర్తకం మీద బతికే ఊరు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి డెల్టాలో పంట పెరిగాక ఆ డబ్బు చాలావరకు ఇక్కడి బజార్లకే చేరింది. 1974లో రోడ్డు-రైలు వంతెన రావడంతో కొవ్వూరు, నిడదవోలు వైపు వాళ్లకూ ఇదే పెద్ద బజారైంది. తాడితోట హోల్‌సేల్ బట్టల మార్కెట్, బంగారం దుకాణాలు, పక్కనే కడియం నర్సరీలు, ఓఎన్‌జీసీ, పేపరు మిల్లు, ప్రైవేటు ఆస్పత్రులు, 2006లో వచ్చిన నన్నయ విశ్వవిద్యాలయం ఇక్కడి ఆధారాలు. ఆడిటర్ల దగ్గర పనిచేసేవాళ్లకు, బ్యాంకు, బీమా, అమ్మకాల రంగాల వాళ్లకు, వైద్య సిబ్బందికి ఇక్కడ అవకాశాలెక్కువ.

కాకినాడకు ఆధారం రేవు, సర్కారు కార్యాలయాలు, చదువులు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయేదాకా ఉమ్మడి తూర్పు గోదావరికి ఇదే కేంద్రం. బియ్యం ఎగుమతులు, వంటనూనె శుద్ధి, ఎరువుల కర్మాగారాలు, కేజీ బేసిన్ గ్యాస్ పనులు రేవు చుట్టూ అల్లుకున్నాయి. జేఎన్‌టీయూ, 1958లో మొదలైన రంగరాయ వైద్య కళాశాల ఉన్నాయి. కెమికల్, మెకానికల్ ఇంజినీర్లు, ఎగుమతి పత్రాలు చూసేవాళ్లు, అధ్యాపకులు ముందుగా ఇక్కడ వెతకడం మేలు.

ప్రయాణాల్లో రాజమండ్రిదే పైచేయి. చెన్నై-హౌరా ప్రధాన మార్గం, 16వ నంబరు జాతీయ రహదారి, మధురపూడి విమానాశ్రయం మూడూ దానికే అందుబాటు. కాకినాడ ప్రధాన రైలు మార్గం మీద లేదు. గౌతమి, శేషాద్రి, సర్కార్ వంటి రైళ్లు అక్కడే బయలుదేరతాయి. తక్కినవాటికి సామర్లకోట పోవాల్సిందే. నెలకు రెండుసార్లు హెడ్డాఫీసుకు పరుగెత్తాల్సిన ఉద్యోగికి ఇది చిన్న విషయం కాదు. అమలాపురం వైపు అమ్మానాన్నలున్నవాళ్ల లెక్క వేరు. యానాం-ఎదుర్లంక వంతెన కట్టాక వాళ్లకు పంటు కోసం ఎదురుచూపు తప్పింది, కాకినాడ దగ్గరైంది.

నివాసానికి కాకినాడ వీధులు తిన్నగా, విశాలంగా ఉంటాయి. రాజమండ్రి పాతబస్తీలో, కోటగుమ్మం చుట్టుపక్కల, సందులు ఇరుకు. దానవాయిపేట కొంత నయం. రాజమండ్రికి గోదావరి పక్కనే ఉంది. కాకినాడకు తాగునీరు కాలువ గుండా రావాలి. వేసవిలో కాలువలు కట్టేస్తే సామర్లకోట, అరట్లకట్ట చెరువుల్లో నింపి ఉంచిన నీళ్లే దిక్కు. 1996 నవంబరు తుపాను చూసినవాళ్లు సముద్రాన్నీ లెక్కలోకి తీసుకుంటారు. ఏ ఊళ్లోనైనా అద్దె ఇల్లు చూడటానికి వానాకాలమే సరైన అదను. గట్టి వాన కురిసిన మర్నాడు వెళితే వీధిలో నీరు ఎందాకా నిలిచిందో ప్రహరీగోడ మీది చారే చెబుతుంది. కుళాయి ఏ వేళకు వస్తుందో, ఎంతసేపు వస్తుందో ఇంటి ఓనరు కన్నా పక్కింటివాళ్లను అడగడం మంచిది.

వీటన్నిటికీ ముందు తేల్చుకోవాల్సింది రెండో ఉద్యోగం సంగతి. ఇలాంటి ఊళ్లలో ఒక్కో రంగానికి యజమానులు కొద్దిమందే. ఉన్న కొలువు పోతే అదే ఊళ్లో మరో తలుపు తట్టే వీలుందా అన్నది మొదటి జీతం కన్నా ముఖ్యం. తన పనికి జీతమిచ్చే సంస్థలు ఏ ఊళ్లో ఎన్ని ఉన్నాయో పేర్లతో సహా రాసుకుంటే చాలామందికి జవాబు అక్కడే దొరుకుతుంది. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్థులైతే రెండు జాబితాలు రాయాలి. ఒకరి పని రాజమండ్రిలో, మరొకరిది కాకినాడలో పడితే బస్సులో రోజూ మూడు గంటలకు పైగా గడిచిపోతాయి. ఆ భారం ఎవరు మోయాలో, ఎన్నాళ్లు మోయాలో అడ్వాన్సు కట్టకముందే ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి. జాబితాలు రెండూ సరిసమానంగా తేలితే అప్పుడు రైలు, నీళ్లు, అమ్మానాన్నల ఊరు చూసి నిర్ణయించుకోవచ్చు.